పొడిగింపబడిన దినములు: గుండెపోటు తరువాతి జీవితమునకు ఒక పాఠము

సువర్ణరేఖా నదికి ఒక దరిని సాక్చి, ఆవలి దరిని మాంగో. ఈ రెంటిని కలుపు వంతెనమీద తెల్లవారినది మొదలు సైకిళ్లును, ఆటోలును, పనికి పోవువారి అడుగులును ఎడతెగక సాగుచుండును. ముప్పది సంవత్సరములకు పైగా ఆ వంతెన దాటి జంషెడ్‌పూరు ఉక్కు కర్మాగారమునకు పోయి వచ్చిన ఒక తెలుగు పెద్దను మనస్సునకు తెచ్చుకొందము. పేరుతో మనకు పనిలేదు. ఇట్టివారు అనేక గృహములలో కనబడుదురు. ఆయన తాత శ్రీకాకుళము వైపునుండి పని వెదకుకొనుచు వచ్చి ఇచ్చట స్థిరపడెను. ఆయన బ్లాస్ట్ ఫర్నేసు దగ్గర పనిచేసి, విశ్రాంతి పొంది, మాంగోలో చిన్న ఇల్లు కట్టుకొనెను.

ఒక చలికాలపు ఉదయమున ఆయనకు గుండెపోటు వచ్చినది. ఆలస్యము చేయక ఆసుపత్రికి చేర్చిరి. మూసుకొనిపోయిన రక్తనాళమును తెరచి అందులో స్టెంటు అమర్చిరి. వారము తిరుగకముందే ఇంటికి వచ్చెను. మూడు నెలలు గడచినవి. ఒకనాడు బీరువా సర్దుచున్న భార్యకు తెరవని మాత్రల అట్టలు నాలుగు కనబడెను.

“ఏమండీ, ఈ మాత్రలు ఎక్కడివక్కడే యున్నవేమండీ?”

“బాగానే యున్నాను గదా! నొప్పి లేదు, ఆయాసము లేదు. బాగున్నవానికి మందులెందుకు? ఆ డబ్బు మనవడి ఫీజుకైనా పనికి వచ్చును.”

ప్రియ చదువరీ, “బాగున్నవానికి మందులెందుకు?” అను ఈ ప్రశ్న చిన్నది కాదు. ప్రాణాపాయము తప్పించుకొని ఇంటికి వచ్చినవారు అనేకులు ఈ ప్రశ్న దగ్గరనే తొట్రిల్లుచున్నారు. గుండెపోటునుండి ప్రాణము దక్కించుట వైద్యుల పని. దక్కిన ప్రాణమును కాపాడుకొనుట చాలమట్టుకు మన యింటి పని. ఆ పనిని ఈ పాఠములో క్రమముగా నేర్చుకొందము.

1. ఒక రాజు, ఒక అంజూరపు ముద్ద

యూదా రాజైన హిజ్కియా మరణకరమైన రోగముతో మంచమెక్కిన సంగతి మన మెరుగుదుము. అతడు గోడతట్టు తిరిగి కన్నీటితో ప్రార్థించెను. అతని ఆయువునకు పదునైదు సంవత్సరములు చేర్చబడెను. అయితే ఆ వృత్తాంతములో మనము తరచుగా దాటిపోవు ఒక చిన్న సంగతి యున్నది. ఆ వాగ్దానమును తెచ్చిన యెషయా ప్రవక్తయే అంజూరపు పండ్ల ముద్దను పుండుమీద వేయుమని చెప్పెను. ప్రార్థన ఆలకింపబడినది గనుక మందు అక్కరలేదని ఆయన అనలేదు. ఆ కాలమున తెలిసిన వైద్యమును దేవుని దయతో ప్రక్కప్రక్కనే ఉంచెను. నమ్మికకును మాత్రకును వైరము లేదని తెలిసికొనుటకు ఈ ఒక్క సంగతి చాలును.

2. లోపల జరిగినదేమి?

మన గుండె దినమునకు ఇంచుమించు లక్ష సార్లు కొట్టుకొనును. దేహమంతటికిని రక్తము పంపు ఈ కండరమునకు కూడ రక్తము కావలెను. దానిని అందించు సన్నని నాళములను కరోనరీ ధమనులందురు. అనేక సంవత్సరములుగా ఆ నాళముల గోడలలో క్రొవ్వు పేరుకొనుచుండును. ఒకనాడు ఆ క్రొవ్వుపొర చిట్లును. చిట్లినచోట రక్తము గడ్డకట్టి దారి మూసివేయును. దారి మూసినంతసేపు ఆవలి కండరము చచ్చుచుండును. ఇదియే గుండెపోటు.

చచ్చిన కండరము తిరిగి మొలవదు. ఆ స్థానమున మచ్చ కట్టును. అది గట్టిపడుటకు ఆరు మొదలు ఎనిమిది వారములు పట్టును. కాబట్టియే ఆ మొదటి వారములలో నీళ్ల బకెట్లు మోయుట, గ్యాసు సిలిండరు ఎత్తుట వంటి బరువు పనులు తగవు.

ఇచ్చట ఒక భ్రమను తొలగించుకొనవలెను. స్టెంటు వేసినంతమాత్రమున జబ్బు పోలేదు. స్టెంటు ఒక్కచోట మూసుకొనిన దారిని తెరచినది. గోడలలో క్రొవ్వు పేరుకొను గుణము మిగిలిన నాళములన్నిటిలోను ఉన్నది. ఒక వీధిలోని కాలువ పూడిక తీసినంతమాత్రమున ఊరి కాలువలన్నియు శుభ్రమగునా?

3. నిరాశకు చోటు లేదు

గుండెపోటు వచ్చినవాని పని అయిపోయినదని మన పెద్దలు తలంచెడివారు. ఒకప్పుడు వైద్యులును అట్లే తలంచిరి. గుండె నాళము హఠాత్తుగా మూసుకొనినను మనుష్యుడు బ్రతుకవచ్చునని అమెరికా వైద్యుడు జేమ్స్ హెరిక్ 1912లో వ్రాసెను. సాక్చిలో మొదటి ఉక్కు దిమ్మె తయారైన సంవత్సరము కూడ అదే. అయినను అటుతరువాత అనేక సంవత్సరములు రోగిని ఆరు వారములు కదలకుండ పడుకొనబెట్టుటయే వైద్యముగా నుండెను.

1955 సెప్టెంబరు 24న అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవరునకు గుండెపోటు వచ్చెను. మొదట దానిని అజీర్ణమనుకొనిరి. ఆయనను చూచిన పాల్ డడ్లీ వైట్ అను హృద్రోగ వైద్యుడు, ఇట్టి రోగులు క్రమముగా నడచి తమ పనికి తిరిగి పోవచ్చునని లోకమునకు నచ్చజెప్పెను. ఐసెన్‌హోవరు 1956లో తిరిగి అధ్యక్షుడుగా ఎన్నుకొనబడి, 1969 వరకు జీవించెను. అప్పటికి స్టెంట్లు లేవు. బెలూనుతో గుండె నాళమును తెరచు పద్ధతిని ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ జూరిచ్ నగరములో మొదట చేసినది 1977లో. మన తెలుగు వైద్యుడు బి. సోమరాజు, శాస్త్రవేత్త ఏ.పి.జె. అబ్దుల్ కలాముతో కలిసి తక్కువ ధరకు దొరకు స్టెంటును 1990లలో రూపొందించెను. 2017 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము స్టెంట్ల ధరలకు పరిమితి విధించెను. ఇన్ని మార్గములు తెరువబడిన ఈ దినములలో “నా పని అయిపోయినది” అని కూర్చుండుట తగదు. “నాకేమియు కాలేదు” అని తిరుగుటయు తగదు.

4. బాగున్నప్పుడే మందు

మన పెద్దను భార్య బలవంతముమీద తిరిగి ఆసుపత్రికి తీసికొనిపోయినది. వైద్యుడు కోపపడలేదు. “మీరు ఏ విభాగములో పనిచేసితిరి?” అని అడిగెను.

“బ్లాస్ట్ ఫర్నేసులోనండి.”

“ఫర్నేసు గోడలలో నీళ్లు పారుచుండును గదా. గోడ పైకి చల్లగానే యున్నదని ఎవరైన ఆ నీటిని కట్టివేసినచో?”

ఆయన నవ్వెను. “ఇంకేమున్నదండీ, గోడ కాలిపోవును. నీరు పారుచున్నది గనుకనే గదా గోడ చల్లగా నున్నది!” అనెను. ఆ మాట నోటనుండి వెలువడిన వెంటనే ఆయన మౌనము వహించెను. తన ప్రశ్నకు తానే జవాబు చెప్పుకొనెను.

గుండెపోటు తరువాత సాధారణముగా ఇచ్చు మందులు, వాటి పనులు ఇవి:

ఆస్పిరిన్, దానితోపాటు క్లోపిడోగ్రెల్ లేక టికాగ్రెలార్: రక్తము గడ్డకట్టకుండ చేయును. ఈ రెంటిని కలిపి సాధారణముగా ఒక సంవత్సరము వాడుదురు. పిమ్మట ఒకటి కొనసాగును. స్టెంటు వేసిన తొలి నెలలలో వీటిని స్వయముగా మానుట మిక్కిలి అపాయకరము. స్టెంటులోనే గడ్డ ఏర్పడి మరల గుండెపోటు రావచ్చును. పన్ను పీకించుకొనుటకైనను, మరే శస్త్రచికిత్సకైనను గుండె వైద్యుని అడుగకుండ వీటిని ఆపకూడదు.

స్టాటిన్: చెడు కొలెస్టరాలును తగ్గించును, నాళములలోని క్రొవ్వుపొర చిట్లకుండ గట్టిపరచును. పరీక్షలో కొలెస్టరాలు తగ్గినదని దీనిని మానరాదు. మందు వలననే గదా అది తగ్గినది. గుండెపోటు వచ్చినవారికి ఎల్.డి.ఎల్. కనీసము 70 కంటె తక్కువగా నుండవలెనని, వీలైనచో ఇంకను తగ్గవలెనని వైద్యులు చెప్పుదురు.

బీటా బ్లాకర్లు: గుండె వేగమును, శ్రమను తగ్గించును. రక్తపుపోటునకు ఇచ్చు మరికొన్ని మాత్రలు బలహీనపడిన గుండె సాగిపోకుండ కాపాడును.

మందు పడనిచో, అనగా ఒళ్లు నొప్పులు, పొడిదగ్గు, తల తిరుగుట కలిగినచో, దానిని రహస్యముగా మానక వైద్యునికి చెప్పవలెను. మార్చుటకు వేరే మందులున్నవి. మలము నల్లగా తారువలె వచ్చినచో అది లోపలి రక్తస్రావము కావచ్చును, వెంటనే చూపించుకొనవలెను. మోకాళ్ల నొప్పికి మందుల దుకాణములో అడిగి డైక్లోఫినాక్, ఐబూప్రొఫెన్ వంటి మాత్రలు కొనుట మనలో వాడుక. గుండెపోటు వచ్చినవారికి ఇవి కీడు చేయును, అడుగకుండ మ్రింగరాదు.

ఖర్చు సంగతి దాచుకొనవలసినది కాదు. మన పెద్ద సిగ్గుపడక ఆ మాట చెప్పగా, వైద్యుడు అవే మందులను వాటి అసలు పేర్లతో వ్రాసి, జన ఔషధి దుకాణములో కొనుమనెను. నెల ఖర్చు ఎంతో తగ్గినది. ఆసుపత్రిలో చేరవలసి వచ్చినచో, 2018 సెప్టెంబరు 23న మన జార్ఖండ్ రాజధాని రాంచీలోనే ప్రారంభింపబడిన ఆయుష్మాన్ భారత్ పథకము క్రింద అర్హత గల కుటుంబమునకు ఏటా 5 లక్షల రూపాయల వరకు చికిత్స లభించును. 2024 అక్టోబరు నుండి 70 ఏండ్లు దాటిన వారందరికిని, ఆదాయముతో నిమిత్తము లేకుండ, ఈ సదుపాయము కలదు. కార్డు చేయించుకొనుటకు జబ్బు వచ్చు దినము వరకు ఆగనేల?

5. నడక

1953లో జెరెమీ మోరిస్ అను వైద్యుడు లండను నగరపు రెండంతస్తుల బస్సులలో పనిచేయువారిని పరిశీలించెను. దినమంతయు కూర్చుండి బండి నడుపు డ్రైవర్లకంటె, మెట్లెక్కి దిగుచు టిక్కెట్లిచ్చు కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా నుండెను. ఇరువురిది ఒకే బస్సు, ఒకే ఊరు. వారి పనిలో ముఖ్యమైన భేదము కదలిక.

గుండెపోటు తరువాత వైద్యుని అనుమతితో సమతల నేలమీద అయిదు పది నిమిషముల నడకతో ఆరంభింపవలెను. వారము వారము కొన్ని నిమిషములు పెంచుకొనుచు, దినమునకు 30 నిమిషములు, వారమునకు అయిదు దినములు నడచునట్లు సాధింపవలెను. వేగమునకు ఒక సులువైన కొలత యున్నది: నడచుచు ప్రక్కవారితో మాటలాడగలుగవలెను, మాట తెగిపోవునంత ఆయాసము వచ్చినచో వేగము ఎక్కువైనదని గ్రహింపవలెను. ఛాతీలో బరువు, కన్నులు తిరుగుట కలిగినచో వెంటనే ఆగవలెను.

మాంగో నివాసులు మరికొన్ని సంగతులు గుర్తుంచుకొనవలెను. వంతెనమీద బండ్ల రద్దీ, పొగ అధికము. నడకకు లోపలి వీధులు, మైదానములు మేలు. సెలవుదినమున జుబిలీ పార్కునకు పోయి చెట్ల నీడను నడువవచ్చును. డిమ్నా సరస్సునకు కుటుంబముతో పోయినప్పుడు దళ్మా కొండ ఎక్కుట మాత్రము వైద్యుడు పరీక్షించి సరేయన్న తరువాతనే. చలికాలపు వేకువజామున చలి నాళములను ముడుచుకొనజేయును. కావున ఎండ పొడచూపిన పిమ్మట, చెవులు ఛాతీ కప్పుకొని నడువవలెను. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటునప్పుడు ఉదయమే ముగింపవలెను. నీరు పోవు మాత్రలు వాడువారు వేసవిలో ఎంత నీరు త్రాగవలెనో వైద్యుని అడిగి తెలిసికొనవలెను. ఎక్కువైనను తక్కువైనను ఇబ్బందియే. కడుపునిండ తిని వెంటనే నడువరాదు.

దాంపత్య జీవితమును గూర్చి అనేకులు అడుగుటకు సిగ్గుపడి, భయముతో దూరమగుదురు. రెండంతస్తుల మెట్లు నొప్పియు ఆయాసమును లేకుండ ఎక్కగలవానికి సాధారణముగా ఇందులో అపాయము లేదు. సందేహమున్నచో భార్యాభర్తలు కలిసి వైద్యుని అడుగుట గౌరవభంగము కాదు.

6. వంటయింటి పని

తెలుగువారు ఎచ్చటికి పోయినను ఆవకాయ జాడీ వారి వెంట పోవును. మాంగోలోను అంతే. ఊరగాయ, ఉప్పు చేప, అప్పడము, ఊరమిరపకాయ, వీటన్నిటిలో రుచితోపాటు ఉప్పు దాగియున్నది. ఒక మనుష్యునికి దినమంతటికి ఉప్పు 5 గ్రాములకు లోపుగా నుండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అనగా అన్నియు కలిపి తల కొట్టిన ఒక చిన్న చెంచాడు. కూరలో ఉప్పు తగ్గించి ప్రక్కన ఆవకాయ వేసికొన్నచో ఏమి లాభము? పులుపు, అల్లము, వెల్లుల్లి, కొత్తిమీర, మిరియము రుచిని కాపాడును. పొటాషియము కలిపిన ప్రత్యేకమైన ఉప్పు మాత్రము కిడ్నీ జబ్బున్నవారు, రక్తపుపోటు మాత్రలు వాడువారు అడుగకుండ వాడరాదు.

నూనె ఏది మంచిదని అందరును అడుగుదురు. ఎంత అని అడుగువారు కొద్దిమంది. మనిషికి నెలకు అర లీటరు మించకుండ చూచుకొనుట మేలు. వనస్పతి వాడరాదు, ఒకసారి కాచిన నూనెలో మరల మరల వేయించరాదు. సందు చివర అంగడిలోని కచోరీ, జిలేబీ, సమోసాలు ఆ మరిగిన నూనె బిడ్డలే. మనము వచ్చి స్థిరపడిన ఈ దేశమందే మంచి తిండి కలదు: శనగల సత్తు. అందులో మాంసకృత్తులు, పీచు ఉన్నవి. ఉప్పు తగ్గించి నీటిలోనో మజ్జిగలోనో కలిపి త్రాగవచ్చును. పళ్లెములో సగము కూరగాయలు ఆకుకూరలు, పావు వంతు అన్నము లేక రొట్టె, పావు వంతు పప్పు, చేప లేక గ్రుడ్డు: ఈ లెక్క జ్ఞాపకముంచుకొనుట సులభము.

ఇచ్చట ఒక మనవి. రోగికి చప్పిడి తిండి వేరుగా వండి, మిగిలినవారు వేపుళ్లు తినుట న్యాయము కాదు, జ్ఞానమును కాదు. ఆ యింటి కుమారులలో అదే రక్తము ప్రవహించుచున్నది. 52 దేశములలో జరిగి 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ అను పరిశోధనలో దక్షిణాసియావారికి మొదటి గుండెపోటు ఇతరులకంటె సుమారు అయిదు సంవత్సరములు ముందుగా వచ్చుచున్నట్లు తేలినది. తండ్రికి వచ్చిన పోటు బిడ్డలకు హెచ్చరిక. ఇంటిల్లిపాదియు రక్తపుపోటు, చక్కెర, కొలెస్టరాలు పరీక్ష చేయించుకొనవలెను. గుండెపోటు వచ్చినవారు రక్తపుపోటును 130/80 లోపున ఉంచుకొనుటకు ప్రయత్నింపవలెను.

7. జేబులోని చిన్న డబ్బా

మన పెద్ద సిగరెట్టు త్రాగలేదు. “నాకు పొగ అలవాటు లేదు” అని వైద్యునికి గర్వముగా చెప్పెను. అయితే చొక్కా జేబులో సున్నముతో నలిపి పెదవి క్రింద పెట్టుకొను ఖైనీ డబ్బా యుండెను. షిఫ్టులో నిద్ర రాకుండుటకు నేర్చుకొనిన అలవాటు అది. పొగ రానంతమాత్రమున పొగాకు పొగాకు కాకపోదు. నమలు పొగాకు గుండెపోటు ప్రమాదమును రెట్టింపునకు పైగా పెంచునని ఆ ఇంటర్‌హార్ట్ పరిశోధనయే చూపినది.

పొగ త్రాగువారు గుండెపోటు తరువాత మానివేసినచో మరణ ప్రమాదము ఇంచుమించు మూడవ వంతు తగ్గును. ఏ మాత్రయు ఇంత మేలును ఉచితముగా ఇవ్వదు. మానుటకు ఒక దినము నిర్ణయించుకొనుము. డబ్బాను ఇంటివారి చేతికిమ్ము. కోరిక పుట్టిన అయిదు నిమిషములు లవంగమో సోంపో నోటిలో వేసికొని నడువుము. కోరిక అలవలె లేచి అలవలె దిగిపోవును. 1800-11-2356 అను ఉచిత జాతీయ ఫోను ద్వారా సలహా పొందవచ్చును. ఒకసారి జారినవాడు ఓడిపోయినవాడు కాడు. మరునాడు తిరిగి ఆరంభింపవచ్చును.

8. బదరీవృక్షము క్రింద

దేహము కోలుకొనుచుండగా మనస్సు క్రుంగుట కలదు. గుండెపోటు వచ్చిన ప్రతి అయిదుగురిలో ఇంచుమించు ఒకరు తీవ్రమైన విచారమునకు లోనగుదురు. నిద్ర పట్టదు, చిన్న చిటుక్కుమన్న నొప్పికే భయము, ఎవరితోను మాటలాడబుద్ధి కాదు, ఉత్తి పుణ్యానికి కన్నీరు వచ్చును. ముప్పది ఏండ్లు కుటుంబమును మోసినవాడు ఇప్పుడు నీళ్ల బకెట్టు ఎత్తరాదన్నప్పుడు తాను ఇక భారమేనని తలంచును. భయమును దాచుకొనుటకే కొందరు “నాకేమియు లేదు” అని మాత్రలు మానుదురు. మన పెద్ద విషయములో ఇదియు కొంత యుండెనని భార్య గ్రహించినది.

విశ్వాసులు ఇట్లు క్రుంగుట పాపమని కొందరందురు. ఏలీయా ప్రవక్త బదరీవృక్షము క్రింద కూర్చుండి చావు కోరుకొనలేదా? అప్పుడు దేవుడు మొదట అతనికి ఉపదేశము పంపలేదు. నిద్రపోనిచ్చెను, వేడి రొట్టెయు నీళ్లును పెట్టించెను, మరల నిద్రపోనిచ్చి, మరల తినిపించెను. ప్రయాణము నీ శక్తికి మించినదని దూత ఒప్పుకొనెను. మాట తరువాత వచ్చెను. రోగిని చూడబోవు మనము ఈ క్రమమును నేర్చుకొనవలెను. గంటల తరబడి కూర్చుండి, ఫలానావారు ఇట్లే పోయిరని చెప్పుట పరామర్శ కాదు. పది నిమిషములు కూర్చుండి, మందులు తెచ్చిపెట్టి, కలిసి నాలుగడుగులు నడచుట పరామర్శ.

రెండు వారములకు మించి విచారము వదలనిచో వైద్యునికి చెప్పవలెను. దానికిని చికిత్స కలదు. 14416 అను టెలీ మానస్ ఉచిత ఫోనులో తమ భాషలో మాటలాడవచ్చును.

9. ఇంటివారు ఎరిగియుండవలసినది

ఛాతీ నడుమ బరువు, బిగింపు, మంట, అది ఎడమ చేతికి, దవడకు, వీపునకు ప్రాకుట, చల్లని చెమట, ఆయాసము, వాంతి: ఇవి గుర్తులు. స్త్రీలలోను, చక్కెర వ్యాధి గలవారిలోను నొప్పి లేకుండ కేవలము ఆయాసము, మిక్కిలి నీరసము రూపమున రావచ్చును. భర్తకు సేవచేయు భార్య తన నొప్పిని గ్యాసని త్రోసివేయకుండునుగాక.

అప్పుడు చేయవలసినది: నడువనీయక కూర్చుండబెట్టవలెను. నాలుక క్రింద ఉంచు మాత్ర వైద్యుడు ముందుగా ఇచ్చియున్నచో, కూర్చుండియే, ఆయన చెప్పినట్లు ఉంచుకొనవలెను. అయిదు నిమిషములలో తగ్గనిచో 108 లేక 112కు ఫోను చేయవలెను. సోడా, ఇంగువ నీరు, వేడి కాపుడములతో గంటలు పోగొట్టరాదు. సాయంకాలము వంతెనమీద బండ్లు నిలిచిపోవు సంగతి మాంగోవారికి తెలియును. కావున గుండె చికిత్స ఏ ఆసుపత్రిలో రాత్రింబగళ్లు దొరకునో, ఏ దారిన పోవలెనో నేడే విచారించి ఉంచుకొనవలెను. మందుల చీటి, పాత ఈ.సి.జి., స్టెంటు కార్డు, ఆయుష్మాన్ కార్డు ఒకే సంచిలో తలుపు దగ్గర నుండవలెను.

10. చేర్చబడిన సంవత్సరములతో ఏమి చేయుదుము?

హిజ్కియా వృత్తాంతము స్వస్థతతో ముగియలేదు. బాగుపడిన పిమ్మట బబులోనునుండి దూతలు పరామర్శకు రాగా, అతడు తన ఖజానాలన్నిటిని వారికి చూపించి గర్వించెను. దాని ఫలము తన బిడ్డలమీదికి వచ్చునని ప్రవక్త చెప్పగా, తన దినములలో సమాధానమున్నచో చాలునని సరిపెట్టుకొనెను. ఆయువు పొడిగింపబడుట ఒక సంగతి. పొడిగింపబడిన ఆయువును ఎవరి నిమిత్తము గడుపుదుమనునది మరియొక సంగతి.

మన పెద్ద ఇప్పుడు ఉదయము మాత్రలు భార్య యెదుట వేసికొని, ఆమెతో కూడ నడచుచున్నాడు. ఆమె రక్తపుపోటు కూడ ఎక్కువగా నున్నదని పరీక్షలో తేలినది. ఇప్పుడు ఇరువురికిని ఒకే మాత్రల పెట్టె. దారిలో మరియొక విశ్రాంత కార్మికుడు వారితో చేరెను. అతడు కూడ స్టెంటు వేయించుకొని, నాలుగు నెలలు మందు మానినవాడే. ఫర్నేసు గోడ మాట మన పెద్ద అతనికి చెప్పెను. తాను మనవడి ఫీజునకు మిగుల్చుదుననుకొనిన డబ్బుకంటె, మనవని చేయి పట్టుకొని బడికి తీసికొనిపోవు తాత ఆ పిల్లవానికి ఎక్కువ అవసరమని ఆయన తెలిసికొనెను.

ఇంట కూర్చుండి ఆలోచించుటకు

1. వైద్యుడు వ్రాసిన మాత్రలలో నేను చెప్పకుండ మానినవి ఏవైన ఉన్నవా? ఏల మానితిని: ఖర్చు వలననా, భయము వలననా, బాగున్నాననియా?

2. మా యింట నెలకు ఎంత నూనె, ఎంత ఉప్పు ఖర్చగుచున్నది? ఊరగాయ ఆ లెక్కలో చేరినదా?

3. నా జేబులో, నా సంచిలో ఏ రూపముననైన పొగాకు ఉన్నదా?

4. ఈ రాత్రి ఛాతీ నొప్పి వచ్చినచో మా యింటివారికి ఏమి చేయవలెనో తెలియునా?

5. నాకు తెలిసినవారిలో గుండెపోటు తరువాత ఒంటరిగా కూర్చున్నవారెవరు? ఈ వారము వారితో కలిసి పది నిమిషములు నడువగలనా?